రేపటి పేర్లు

స్కెల్‌బెక్ మఠం
1538 అక్టోబరు 29, మంగళవారం

అక్కా,

ఇవాళ్టి మొదటి వింత చెబుతాను. పొద్దున్నే సభాగృహంలోకి వెళ్ళేసరికి మఠాధిపతిగారి కుర్చీలో వంటింటి పిల్లి ముడుచుకుని పడుకుని ఉంది. పదకొండు మందిమి నల్ల అంగీలు వేసుకుని, గోడ పొడుగునా ఉన్న రాతి అరుగు మీద కూర్చుని దాన్నే చూస్తున్నాం. లేపడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఫాదర్ ఆల్రెడ్‌కి చూపు ఆనదు కదా, ఆయన ఒక్కరే ఎప్పటిలాగే వంగి పిల్లికి నమస్కారం చేశారు. నవ్వు ఆపుకోలేక నేను చేతికున్న సిరా మరక చూసుకుంటూ కూర్చున్నాను.

మఠాధిపతిగారు తెల్లవారకముందే గుర్రమెక్కి వెళ్ళిపోయారట. ఎందుకో మధ్యాహ్నానికి తెలిసింది. దేశంలో మఠాలన్నీ రద్దు చేస్తున్న రాజుగారి కమిషనరు ఇప్పుడు పక్క లోయలో ఆడవాళ్ళ మఠం మూయిస్తున్నాడు. ఆయన్ని కలవడానికి. తర్వాత వంతు మాది. నవంబరు ఇరవై ఆరున, పునీత కతరీన పండగ మర్నాడు వస్తాడు. మేమంతా సంతకాలు పెట్టి, నాలుగు వందల ఏళ్ళుగా ఉన్న ఇల్లు ఆయనకి అప్పజెప్పి బయటికి నడవాలి.

ఆ తేదీ చూడగానే నీకు ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. నాన్న ఈ గంట గోపురానికి రాళ్ళు పేరుస్తూ పడిపోయిన రోజు. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం లేదు, చావు ముందు పూసే చివరి నూనె లేదు, ఒక్క మాట లేదు. అలా పోయినవాడి ఆత్మ పాపాలు కడిగే ఉత్తరించు స్థలపు మంటల్లో ఎంతకాలం కాలుతుందో ఎవరు చెప్పగలరు? గోడలు నిలిచినంతకాలం ఏటా పేరు చదివి ప్రార్థిస్తామని మఠం మాటిచ్చింది. తొమ్మిదేళ్ళుగా నిలబెట్టుకుంది. భయపడకు, కమిషనరు వచ్చినా ఈ ఏడు నాన్న పేరు చదవడం ఆగదు.

ఒక సంతోషం కూడా ఉంది. పోయినవాళ్ళ పేర్ల పుస్తకంలో నవంబరు ఆకు చెమ్మకి పాడైతే, కిందటి నెల కొత్త తోలు మీద నేనే తిరగరాశాను. 'హ్యూ, రాతి మేస్త్రీ, ఈ ఇంటి పని మీద పోయినవాడు.' పక్కన చిన్న తాపీ బొమ్మ గీశాను. జూన్ నెలలో ఎవరో తోటమాలి పేరు పక్కన పార గీసి ఉంటే, అది చూసి వచ్చిన ఆలోచన. ఫాదర్ ఆల్రెడ్ ఆకుని ముక్కుకి ఆనించుకుని, "ఇదేంట్రా, చేపా?" అన్నారు. తాపీ అని చెప్పాను. "అయితే చదువు రానివాళ్ళకి కూడా మీ నాన్న దొరుకుతాడన్నమాట" అన్నారు.

ఇక్కడి గొర్రెల కాపరులు వానకి తొమ్మిది పేర్లు చెబుతారు. ఏడు రాసుకున్నాను. మిగతా రెండూ ఇరవై ఆరులోగా పట్టుకోవాలి.

బావకి నా నమస్కారం చెప్పు.

నీ తమ్ముడు
విల్ఫ్రిడ్


యార్క్
నవంబరు 9

ఒరేయ్ విల్,

పిల్లి గురించి సగం కాగితం రాశావు. ఇరవై ఆరు తర్వాత ఎక్కడ పడుకుంటావో, ఏం తింటావో ఒక్క ముక్క లేదు. వానకి తొమ్మిది పేర్లు తెలిసినవాడికి తడవకుండా ఉండే చోటు ఒక్కటైనా తెలియాలి కదరా. నీకు అక్షరాలు నేర్పించమని నాన్నతో పోట్లాడింది నేనే, మళ్ళీ నీ దగ్గర ఆ అక్షరాలు నేర్చుకుంది నేనే. రెండూ తప్పేనేమో అనిపిస్తోంది.

ఇక్కడ సీసం పనివాళ్ళకి పెళ్ళికొడుకులకి ఉన్నంత గిరాకీ. ప్రతి మఠం కప్పు మీదా సీసం ఉంది, అదంతా రాజుగారికి కావాలి. మీ బావని రెండుసార్లు పిలిచారు. "కప్పు వేసిన చేత్తో కప్పు పీకనండీ" అని చెప్పి వచ్చాడు. మూడోసారి పిలవలేదు, వచ్చి తీరాలన్నారు. ఏ ఊరికో ఇంకా చెప్పలేదు. మీ బావ లాంబర్ట్ ఎలాంటివాడో నీకు తెలుసు. రాత్రి భోజనం ముందు కూర్చుని చేతులు తిప్పి తిప్పి చూసుకుంటాడు.

నాన్న రోజు గురించి నువ్వు దిగులుపడకు. నువ్వు 'ఆగదు' అని రాసేస్తావు, నీకు అన్నీ కాగితం మీద జరిగిపోతాయి. నేను చూసుకుంటాను. ఎలా అని అడక్కు.

బండివాడు డికెన్ ఉన్ని మూటలతో మీ వైపు వస్తున్నాడు, ఎండు హెర్రింగ్ చేపలు పంపాను. అందరికీ పంచిపెట్టకు. ముసలాయనకి ఒకటి ఇవ్వు.

అక్క
ఎమ్మట్


థార్న్‌బీ
నవంబరు 27

ఎమ్మట్‌కి,

వాళ్ళు మంగళవారం రావాలి. సోమవారమే వచ్చారు. కతరీన పండగ రోజు పొద్దున్నే.

నీకు తెలుసు కదా, సభాగృహంలో మేము చదివేది ఎప్పుడూ రేపటి పేర్లే. రేపు ఎవరి రోజో ఇవాళే చదివి, రాత్రి ప్రార్థనలన్నీ వాళ్ళకే ఇస్తాం. ఇరవై ఆరో తేదీ పేర్లు ఇరవై అయిదు పొద్దున్న. ఫాదర్ ఆల్రెడ్ లేచి నిలబడి పుస్తకం తెరిచారు. కంటికి కనపడకపోయినా తెరిచే చదువుతారు. తేదీ చదివారు. అప్పుడే తలుపు తోసుకుని వచ్చారు. కమిషనరు బురద బూట్లతో నేరుగా వెళ్ళి పుస్తకం మీద చెయ్యి వేశాడు.

"ఏం చదువుతున్నావు పెద్దాయనా?"

"రేపటి పేర్లు బాబూ."

"రేపటితో మీకేం పని? రేపటికి ఈ ఇల్లు మీది కాదు."

"ఇవాళ ఒక్క పేరే ఉంది. ఒక్క ఊపిరి పట్టదు."

"ఈ చలిలో నాకున్నదీ ఒక్క ఊపిరే. మూసెయ్."

మూశారు. నేను అక్కడే ఉన్నాను. ఆ పేరు నాకు నోటికి వచ్చు, నేను రాసిందే. లేచి అరిచి ఉండవచ్చు. అరవలేదు.

తర్వాత మఠం ముద్రని సుత్తితో రెండు ముక్కలు చేశారు. అప్పగింత పత్రం రాయడానికి మంచి దస్తూరీ ఎవరిదంటే మఠాధిపతిగారు నన్ను చూపించారు. 'మా అందరి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా, స్వేచ్ఛగా.' నా చేత్తో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. తర్వాత వరసగా, మఠాధిపతిగారిదీ కలిపి పన్నెండు సంతకాలు.

బయటికి వస్తే వాకిట్లో మీ ఆయన, భుజం మీద కొలతాడుతో. ఏ ఊరికో ఇంకా చెప్పలేదని రాశావు కదా. "బావా, రేపు కదా రావాల్సింది?" అన్నాను. "నేనే అడిగానురా. రేపు వద్దని నేనే చెప్పాను" అన్నాడు. "నాన్న పేరు చదవాల్సింది ఇవాళే, రేపు కాదు" అన్నాను. ఆయన మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది. పైనుంచి ఎవరో పిలిస్తే నిచ్చెనెక్కి నాన్న పడిన గోపురం కప్పు మీదికే వెళ్ళాడు.

ఈ మాట రాయాలా వద్దా అని ఆలోచించే రాస్తున్నాను. మీ ఆయన పోయిన రోజున ఆయన పేరు చదివేవాళ్ళు ఒక్కరూ లేకుండా పోవాలి. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించు.

విల్ఫ్రిడ్


యార్క్
డిసెంబరు 10

విల్,

'నీకు తెలుసు కదా' అని రాశావు. ఎవరు చెప్పారు నాకు? ఎప్పుడు చెప్పావు? తొమ్మిదేళ్ళుగా ఇరవై ఆరో తేదీ పొద్దున్న కొవ్వొత్తి వెలిగించి, ఇప్పుడు చదువుతుంటారు, ఇప్పుడు నాన్న పేరు వినపడుతుంటుంది అనుకుంటూ చల్లటి నేల మీద మోకరించాను. ముందు రోజే అయిపోయేదా? నేను ఖాళీ గదికి చెవి పెట్టి కూర్చున్నానా ఇన్నేళ్ళూ?

మీకు అది రోజూ చేసే పని. బయటివాళ్ళకి ఎలా తెలుస్తుందిరా?

ఉత్తరం ఆయనకి చదివాను. మీ బావని ఇక ఏమీ అనకు. ఎందుకని అడక్కు, ఈసారి నిజంగానే అడక్కు.

రెండు జతల మేజోళ్ళు పంపుతున్నాను. మందంగా అల్లాను. థార్న్‌బీలో ఎవరింట్లో ఉన్నావో రాయి. ఇంటికి వస్తే నీకు చోటు ఉంది. నువ్వు రావని తెలుసు.

ఎమ్మట్


థార్న్‌బీ
1539 జనవరి 20

ఎమ్మట్‌కి,

తోళ్ళు పదును చేసేవాడి అటక మీద ఉన్నాం. ఉన్నాం అని అలవాటుగా రాశాను. ఉన్నాను. ఫాదర్ ఆల్రెడ్ పద్నాలుగో తేదీన పోయారు.

క్రిస్మస్ నుంచి ఆయన ఒక్కటే పని చేశారు. పేర్ల పుస్తకం మొత్తం ఆయనకి నోటికి వచ్చు. ఆయన చెబుతుంటే తోలు కత్తిరింపుల మీద నేను రాసుకున్నాను. జనవరి, ఫిబ్రవరి సరిగ్గా వచ్చాయి. మార్చిలో జ్వరం వచ్చింది. మార్చి అంటే పుస్తకంలో మార్చి. తర్వాత పేర్లు మాత్రం వచ్చాయి, తేదీలు రాలేదు. చివరి రెండు రోజులు ఒకే పేరు మళ్ళీ మళ్ళీ చెప్పారు. అది వాళ్ళ అమ్మగారిది అనుకుంటాను. నవంబరు దాకా రాలేకపోయాం.

ఆయన పేరు నేను ఒక్కణ్ణే చదివాను. ముందు రోజు కాదు, పోయాక. మొదటి ఏడు ముందు రోజు ఎవరికి తెలుస్తుంది?

మేజోళ్ళు అందాయి. ఒక జత ఆయనకి తొడిగి పాతిపెట్టాం.

స్కెల్‌బెక్ నుంచి వచ్చేవాళ్ళు చెబుతున్నారు. సీసం కరిగించడానికి కట్టెలు చాలక, మేము నిలబడి పాడే బల్లలు పగలగొట్టి పొయ్యిలో పెట్టారట. నా బల్ల కూడా. చేతులు ఆనించీ ఆనించీ నునుపెక్కిన ఓక్ చెక్క, నాకంటే ముందు పదిమందివో పన్నెండు మందివో చేతులు. పేర్ల పుస్తకం వెండి గొళ్ళేలు ఊడబీకి, పుస్తకాన్ని ఆ పొయ్యి పక్కనే విసిరేశారట. తోలు ఆకులు సరిగ్గా మండవు, ముడుచుకుపోయి మాంసం కాలిన వాసన వస్తుంది. ఆ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడింది మీ ఆయనే.

అనకు అన్నావు. అనడం లేదు. జరిగింది రాశాను. నువ్వు ఆయన పక్షాన ఉండడం భార్యగా సబబే. నేను నాన్న పక్షాన ఉన్నాను.

విల్ఫ్రిడ్


యార్క్
ఫిబ్రవరి 26

విల్,

మీ బావ పోయాడు. పద్దెనిమిదో తేదీ మంగళవారం, భస్మ బుధవారం ముందు రోజు. సాయంత్రం పని దిగాక పాపసంకీర్తనానికి వెళ్తానని పక్కనున్న జెన్కిన్‌తో చెప్పాడట. మధ్యాహ్నమే పోయాడు. నాన్నలాగే.

స్కెల్‌బెక్ చర్చి పడమటి గోడలో పెద్ద కిటికీ ఉంది కదా, దాని ఇనప ఊచల కోసం తాళ్ళు కట్టి లాగారట. ఊచలతో పాటు కిటికీ, కిటికీతో పాటు గోడ. ఈయన దాని కింద సీసపు దిమ్మల మీద రాజముద్ర కొడుతున్నాడు. ఉన్న రాళ్ళన్నీ ఆయన మీదే.

నేను వెళ్ళాను. శవాన్ని తీసివ్వమన్నాను. అక్కడి అధికారి నాతో మర్యాదగానే మాట్లాడాడు. "నాలుగు దిమ్మలు కూడా కిందే ఉన్నాయమ్మా. ఎండాకాలం దారి ఆరాక, బళ్ళు రాగానే సీసం కోసం తవ్వుతాం. అప్పుడు మీ ఆయన కూడా దొరుకుతాడు" అన్నాడు.

ఇప్పుడు చెబుతాను. రేపు వద్దని అడిగింది మీ బావ కాదు, నేను. స్కెల్‌బెక్‌కే వెళ్ళాలని నవంబరులో నీకు రాసేనాటికే నాకు తెలుసు. నీ దగ్గర దాచాను. "ఇరవై ఆరున మాత్రం వాళ్ళని ఆ గడప తొక్కనివ్వకు, ఆ పొద్దున్న మా నాన్న పేరు చదవనీ" అని ఈయన కాళ్ళు పట్టుకున్నాను. కప్పు కొలిచేవాడు లేకుండా కమిషనరు రాడు. ఈయన వెళ్ళి, "ఆ రోజు ఆ కప్పు ఎక్కను దొరా, మా మామ దాని మీంచే పడి పోయాడు" అన్నాడట. కమిషనరు పడీ పడీ నవ్వి, "దయ్యాలకి జడిసే సీసం పనివాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. సరే, ఒక రోజు ముందే పోదాం పద" అన్నాడట. ఈయన ఇంటికొచ్చి, "ఎమ్మీ, పనైంది" అన్నాడు. ఆ రాత్రి ఆయనకి గొర్రె మాంసం వండి పెట్టాను.

నువ్వు వాకిట్లో చెప్పాక ఆయనకి అర్థమైంది. నీ ఉత్తరం చదివాక నాకు అర్థమైంది. ఆ వాక్యం దగ్గర ఆగాను. "ఆగావేం?" అన్నాడు. చదివాను. విని, "నువ్వు అడిగావని వాడికి రాయకు. వాడికి మిగిలింది నువ్వు ఒక్కదానివే. నన్ను తిట్టుకోనీ" అన్నాడు. భోజనం చేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

జెన్కిన్ నిన్న వచ్చాడు. ఆ రోజు బసలో విడిచి వెళ్ళిన ఈయన పని గుడ్డ అంచులో కుట్టి ఉందట, సీసపు రేకు చుట్టిన గొట్టం. విప్పితే తోలు ఆకు. పుస్తకాన్ని పొయ్యి దగ్గర విసిరేసిన రోజే వెతికి కోసుకున్నాడు. దొరికితే ఉరి. నాన్న పేరు పక్కన తమ్ముడు తాపీ బొమ్మ గీశాడని ఎప్పుడో ఒకసారి చెప్పాను, అంతే. అక్షరం రానివాడు ఆ బొమ్మ కోసం ఎన్ని ఆకులు తిప్పాడో. లాటిన్ నాకు రాదు, ఆ మఠం రాతలో ఒక్క అక్షరం పోల్చలేకపోయాను. కానీ బొమ్మ చూశాను విల్. తాపీ.

ఇక్కడ ఉంచుకోవడానికి భయం. ఓట్స్ రొట్టె మధ్య పెట్టి డికెన్‌తో పంపుతున్నాను. నాన్న పేరు పోలేదు. మీ బావ పోనివ్వలేదు.

ఎమ్మట్


థార్న్‌బీ
మార్చి 12

అక్కా,

రొట్టె అందింది. లోపలిదీ అందింది. భద్రంగా ఉంచాను.

బావ గురించి రాయబోయి నాలుగు కాగితాలు చింపాను. మాటలంటే నాకు ఇష్టం అనుకునేవాణ్ణి. బావని శపించిన ఆ ఒక్క వాక్యం రాయడానికి ఆ రోజు మూడుసార్లు కలం చెక్కుకున్నాను, అక్షరాలు అందంగా రావాలని. అది నీకు తెలియాలి.

నేను చెప్పి ఉండాల్సింది, రేపటివి ఇవాళ చదువుతామని. తొమ్మిదేళ్ళలో ఒక్క ఉత్తరంలో ఒక్క ముక్క. పిల్లి గురించి రాశాను.

నీ తమ్ముడు


యార్క్
నవంబరు 10

విల్,

ఎనిమిది నెలలుగా నువ్వు రాసే ఉత్తరాలు ఉప్పు లేని గంజిలా ఉన్నాయి. బాగున్నాను, పిల్లలకి చదువు చెబుతున్నాను, చలి. నామీద కోపం ఉంటే అక్షరాల్లో పెట్టు. భరిస్తాను.

ఎండాకాలం వచ్చింది, పోయింది. తవ్వలేదు. నాలుగు దిమ్మల కోసం అన్ని రాళ్ళు ఎత్తడం దండగట. ఆ అధికారే చెప్పాడు, మర్యాదగానే. కాబట్టి మీ బావ అక్కడే ఉంటాడు. నాన్న ఆ నేల కింద, ఈయన ఆ రాళ్ళ కింద. మన ఇంటి మగవాళ్ళకి ఇంకో చోటు దొరకలేదు.

నేను స్కెల్‌బెక్ వస్తున్నాను. ఇరవై ఆరున కాదు, ఇరవై అయిదు పొద్దున్నకి. ఈసారి నాకు తెలుసు. సభాగృహంలో నాన్న పేరు నా చెవులతో వినాలి. పాత సన్యాసులు పాత ఇంట్లో కనపడితే తిరుగుబాటు అంటారని భయపడతావేమో. ఒక సన్యాసి, ఒక విధవ. ఇద్దరితో తిరుగుబాటేంటి?

ఆ ఆకు తీసుకురా. నోటికి వచ్చని నోటితో చదవకు. దాంట్లోంచే చదవాలి. మీ బావ ప్రాణం ఒడ్డి తెచ్చింది.

ఇరవై నాలుగు సాయంత్రానికి పిండిమర ఆమె ఇంట్లో దిగుతాను.

అక్క


స్కెల్‌బెక్
1539 నవంబరు 24, సోమవారం

అక్కా,

డికెన్ బండి వాగు దగ్గర ఆగిపోయిందని, నువ్వు పొద్దుపోయాక గానీ రావని చెప్పారు. ఈ చీటీ పిండిమర ఆమె చేతికి ఇచ్చి వెళ్తున్నాను. నేను కంచె పక్కన గడ్డివాములో పడుకుంటాను. ఇద్దరం ఒకే ఇంట్లో కనపడడం మంచిది కాదు.

మధ్యాహ్నం ఒక్కణ్ణే లోపలికి వెళ్ళి చూసి వచ్చాను. చెప్పకపోతే రేపు నీ గుండె ఆగిపోతుంది, అందుకే చెబుతున్నాను. కప్పు లేదు. గంట గోపురం సగం ఉంది, నాన్న పేర్చిన వరసలు ఎప్పుడో బళ్ళెక్కి కొత్త దొర పశువుల కొట్టానికి వెళ్ళిపోయాయి. చర్చి నడవలో గొర్రెలు. సభాగృహంలో పందులు. ఫాదర్ ఆల్రెడ్ నిలబడే చోట తొట్టె పెట్టారు. పడమట రాళ్ళ గుట్ట అలాగే ఉంది, దాని మీద అప్పుడే గడ్డి మొలిచింది. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఇంకొకటి చెప్పాలి. మార్చి నుంచి నీ దగ్గర దాచాను. నువ్వు గంజి అన్నది దాని గురించే.

బావ తెచ్చింది నాన్న ఆకు కాదు. ఆ బొమ్మ తాపీ కాదు అక్కా, పార. జూన్ పదిహేడు. పూర్వం ఎవరో తోటమాలి ఓడో పేరు పక్కన గీసింది. అది చూసే నేను తాపీ గీశాను, రెండూ ఒక్కలాగే ఉంటాయి. నాన్న ఆకు పొయ్యిలో పోయింది. రొట్టె విరిచి ఆకు చూసిన క్షణంలోనే తెలిసింది. 'మీ బావ పోనివ్వలేదు' అని నువ్వు రాసిన పక్కనే ఆ ఆకు ఉంది. నిజం రాయడానికి కలం లేవలేదు. రేపు నా చేతిలో ఆ ఆకు పెట్టి చదవమంటావు. నీ మొహం చూస్తూ అబద్ధం చదవలేను.

ఆ ఆకులో అయిదుగురు ఉన్నారు. ఓడో, తోటమాలి. మాటిల్డా, ఓడో తల్లి. రోజర్, కుష్ఠురోగి. సైమన్, పదమూడేళ్ళు. చివరి వరస, 'పేరు తెలియని స్త్రీ, వాగులో దొరికింది.' మొత్తం పుస్తకంలో మిగిలిన ఆకు వీళ్ళదే. బావ ప్రాణం ఒడ్డి తెచ్చింది వీళ్ళని. వీళ్ళ కోసం చదివేవాళ్ళు ఈ భూమ్మీద మనిద్దరమే.

నియమం ప్రకారం వీళ్ళది జూన్. బావది ఫిబ్రవరి. ఫిబ్రవరి నాటికి ఆ గోడలు ఉంటాయో లేదో. రేపే అందరినీ చదువుదాం. నియమం తప్పినందుకు ఫాదర్ ఆల్రెడ్ నన్ను తిడతారేమో, తిట్టనీ.

నాన్న వాక్యం ఇంగ్లీషులో ఈ చీటీ వెనక రాశాను, చూసుకో. నాన్న పేరు నువ్వు చదువు. బావ పేరు నేను చదువుతాను. అది నేనే చదవాలి.

పందుల కాపరి తెల్లవారిన కాసేపటికి వస్తాడు. తూర్పు తెల్లబడకముందే మర వంతెన మీద నిలబడతాను. కొవ్వొత్తి తేకు, వెలుగు కనపడుతుంది. మోకాలి దాకా బురద, మీ బావ బూట్లు ఉంటే వేసుకురా. అడ్డొచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు, తొందరపడకుండా ఒక్కొక్క పేరుకి ఒక్కొక్క ఊపిరి తీసుకుని చదువుదాం.

నీ తమ్ముడు
విల్ఫ్రిడ్